పడమటి అద్దం

శనివారం పొద్దున్నే ఆర్చీ గౌర్లే తన పరుపు తనే భుజాన వేసుకుని సొంత ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. కొత్తగా ఓట్స్ పొట్టు కూరిన పరుపు. అడుగు వేసినప్పుడల్లా చెవి దగ్గర గరగరమంది. అతని ముందు కూతురు ఫీమీ నడుస్తోంది. ఒక చేతిలో కెటిల్, పెనం. ఇంకో చేత్తో ఉప్పుజాడీని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పొట్టకు ఆనించి పట్టుకుంది. ఇద్దరూ పెరడు దాటారు, బట్టలారేసే గుంజలు దాటారు. సముద్రపు గోడకు చేరగిలబడిన కొట్టంలోకి తల వంచి దూరారు.

స్కాట్లాండ్ తీరాన ఆ పిట్‌గార్వీ ఊళ్ళో సగం ఇళ్ళ కథ ఇంతే. జూలైలో గ్లాస్గో కార్ఖానాలు మూసి సెలవులిస్తారు. అప్పుడు ఊరివాళ్ళు ఇళ్ళు పట్నంవాళ్ళకు అద్దెకు వదిలి, పెరట్లో బట్టలుతికే కొట్టాల్లోకి మారతారు. వచ్చినవాళ్ళు తమ తిండి తామే తెచ్చుకుని తామే వండుకుంటారు. ఇచ్చినవాళ్ళు ఆ వారం సొంత గడప తొక్కరు. తప్పనిసరైతే తలుపు తట్టి నిలబడతారు. అది కట్టుబాటు. రాసిపెట్టినవాడు లేడు, తప్పినవాడూ లేడు.

ఆర్చీ ఈ కట్టుబాటు విన్నాడే గాని చూడలేదు. జూలైలో అతను ఎప్పుడూ ఊళ్ళో లేడు. పడవలన్నీ హెర్రింగు చేపల వెంట ఉత్తరాన షెట్లాండ్ దాకా పోయేవి. వేసవి తిరిగాక వచ్చేవి. ఉతుకుడు ఆడవాళ్ళ పని గనుక మిగతా రోజుల్లోనూ ఆ కొట్టంలోకి అతను తొంగిచూడలేదు. ఈ ఏడు మోకాలు మొరాయించింది, ఒడ్డున పడ్డాడు. ఈ ఏడు భార్య ఎల్స్‌పెత్ కూడా లేదు. ఫిబ్రవరిలో ఛాతీ జబ్బుతో పోయింది.

“ఇదే ఆఖరు,” అన్నాడు పరుపు నేల మీద పడేస్తూ.

“ఏది?”

“ఈ వనవాసం. వాళ్ళు వెళ్ళేటప్పుడు తాళం చేతికివ్వగానే మొహమ్మీదే చెబుతా. వచ్చే ఏడు నుంచి ఇల్లు లేదు, గిల్లు లేదు. మీ అమ్మను చంపింది చాలు.”

ఫీమీ ఉప్పుజాడీని గోడ అరమీద పెట్టింది. పక్కకు తెరుచుకున్న దాని మూతిని గదివైపు తిప్పింది. “డాక్టరు అలా అనలేదు నాన్నా.”

“ఏమన్నాడు మరి? ఛాతీ అన్నాడు. ఈ గోడ చూడు, చెయ్యి పెడితే తడి. ఏటా ఒక వారం ఇందులో పడుకుంటే ఇనపముక్కకైనా తుప్పు పడుతుంది.”

ఫీమీ కెటిల్ పొయ్యి పక్కన పెట్టింది. ముప్పై దాటిన పిల్ల. తల్లిలాగే మాట్లాడకుండా పని చేస్తుంది. ఆ పద్ధతి ఆర్చీకి నచ్చుతుంది, అడ్డు చెప్పదు కనుక.

కొట్టంలో ఒక మూల ఇటుకల మధ్య రాగి కాగు. దాని కింద పొయ్యి. చెరో గోడకూ చెరో పరుపు. నేల నీళ్ళకాలువ వైపు వాలింది. పడమటి గోడ దగ్గర ఒక ముక్కాలిపీట ఉంది. ఆర్చీ దానిమీద కూర్చున్నాడు. కదల్లేదు. కిందికి చూశాడు. నేల వాలుకు సరిగ్గా సరిపోయేట్టు దాని కాళ్ళు కోసి ఉన్నాయి. ఎదురుగా గోడ తొలిచి, కళ్ళకు సమానంగా, చిన్న కిటికీ అద్దం బిగించి ఉంది. పుస్తకం తెరిచిపెట్టినంత. అద్దం అవతల సముద్రం.

“ఇదెప్పటిది?”

“చాలా ఏళ్ళైంది,” అంది ఫీమీ. తండ్రి కూర్చున్న పీటవైపు ఒక క్షణం చూసింది. చీపురు తీసుకుంది.

ఆర్చీ చాలాసేపు ఆ అద్దంలోకి చూశాడు. నా కోసం, అనుకున్నాడు. నా పడవ కోసం గోడ తొలిపించుకుంది ఎల్స్‌పెత్ మహాతల్లి. ఒక్క ముక్క చెప్పలేదు.

మధ్యాహ్నం రైల్లో, ఇల్లు అద్దెకు తీసుకున్న క్యారిక్ కుటుంబం దిగింది. వాళ్ళను చూడకముందే ఊరంతా విన్నది. క్యారిక్ నౌకల కార్ఖానాలో ఇనపరేకులకు రివెట్లు కొడతాడు. ఇరవై ఏళ్ళు ఆ సుత్తి కింద బతికి చెవులు పోయాయి. తనకు వినపడదు గనుక లోకానికీ వినపడదని అరుస్తాడు.

“పెట్టె జాగ్రత్త నెట్టీ! అందులో గుడ్లున్నాయి!”

“గుడ్లున్నాయని షెట్లాండ్ దాకా తెలిసింది, పదండి,” అంది భార్య.

ఆర్చీ కొట్టం తలుపు మూసుకున్నాడు.

సోమవారం పొద్దున రేవు గోడమీద టార్విట్ ముసలాయన పైపు పీలుస్తూ కూర్చున్నాడు. ఆర్చీని చూడగానే టోపీ తీసి ఇంత వంగాడు.

“దయచేయండి బాబుగారూ! గాలి మార్పుకు వచ్చారట? బస కుదిరిందా? తిండి తమరే వండుకోవాలట కదా!”

“నోరు ముయ్యి టార్విట్.”

“కోపమెందుకురా? నాకు ఏటా తప్పదు. మా ఆవిడా నేనూ ఆ కొట్టంలో తలా ఒక మూల. దాని గురకకు కాగు మోగుద్ది.”

ఆర్చీ పక్కన కూర్చున్నాడు. నీళ్ళు కదలడంలేదు. పడవలన్నీ ఉత్తరాన ఉన్నాయి. రేవు పళ్ళూడిన నోరులా ఉంది. కాసేపటికి, అడగకుండానే చెప్పాడు.

“మా ఎల్స్‌పెత్ కొట్టం గోడకు అద్దం పెట్టించుకుందిరా. నాకిప్పుడే తెలిసింది. ఆ ముందు పీట. అక్కడ కూర్చుని నా పడవ కోసం చూసేది.”

టార్విట్ పైపు నోట్లోంచి తీశాడు. తల ఊపాడు. “ఆడాళ్ళంతే. సముద్రం వైపు చూడ్డంతోనే వాళ్ళ బతుకు సగం తెల్లారిపోద్ది.”

ఇద్దరూ ఆ మాట నిజమైనట్టు నీళ్ళవైపు చూశారు. ఇద్దరూ చెరో యాభై ఏళ్ళు దిక్సూచి చూసి బతికినవాళ్ళు.

ఆ మాట తలకెక్కిందేమో, ఇంటికి వచ్చేటప్పుడు ఆర్చీ కాళ్ళు పాత దారి పట్టాయి. పెరటి తలుపు వైపు కాక వీధి తలుపు వైపు. గడియ ఎత్తాడు, లోపలికి వెళ్ళాడు, టోపీ మేకుకు తగిలించాడు. పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని బూటు తాడు విప్పాడు. ఒక బూటు తీశాడు. అప్పుడు కనబడింది, బల్ల దగ్గర నోరు తెరుచుకుని తననే చూస్తున్న చిన్నపిల్ల.

“అమ్మా, ఒక తాతయ్య బూట్లు విప్పుతున్నాడు,” అంది పిల్ల.

నెట్టీ క్యారిక్ వెనక గదిలోంచి వచ్చింది. చేతుల నిండా పిండి. నవ్వు ఆపుకుంది, అది ఇంకా ఘోరంగా అనిపించింది.

“కూర్చోండి గౌర్లే గారూ. కాస్త టీ తాగి వెళ్ళండి.”

సొంత కుర్చీలో తనను కూర్చోమంటోంది. ఆర్చీ బూటు మళ్ళీ తొడుక్కోవడానికి వంగాడు. మోకాలు వంగలేదు. పిల్ల కుర్చీ దిగి వచ్చి, బూటు తొడిగి తాడు కట్టసాగింది. తల వంచుకుని కూర్చున్నాడు. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక గది చూశాడు. బల్ల ఎప్పుడూ ఉండేచోట లేదు, వెలుతురు కోసం కిటికీ కిందికి జరిపారు. గోడమీద తన పడవ పటం మాత్రం ఉన్నచోటే ఉంది. అద్దం లేక పొగచూరి, సముద్రమంతా తేనీరు రంగుకు తిరిగింది. గాలివానలో కిందపడి అద్దం పగిలిందని ఎల్స్‌పెత్ చెప్పింది. ఇంకో అద్దం వేయించమన్నాడు. సరేనంది. వేయించలేదు.

“మళ్ళీ వచ్చేటప్పుడు తలుపు తడతా,” అన్నాడు గుమ్మంలో.

“అయ్యో, దానికేముంది.”

“కట్టుబాటు,” అన్నాడు ఆర్చీ. పళ్ళు బిగించి పెరటిదారి పట్టాడు.

మర్నాడు జావ తింటూ చెంచా ఆపాడు. “ఉప్పు తగ్గింది.”

ఫీమీ తన గిన్నె పక్కన పెట్టి లేచింది. జాడీలో వేళ్ళు ముంచి ఒక చిటికెడు తెచ్చి వేసింది. మళ్ళీ కూర్చోలేదు. గుమ్మంలో నిలబడి మిగతా జావ తాగింది.

వచ్చినరోజు నుంచే గాలి లేదు. కొట్టంలో పగళ్ళు అదోలా గడిచాయి. ఇంట్లో ఉన్న గడియారం కొట్టంలో లేదు. అద్దంలోంచి పడ్డ వెలుగుముక్క నేలమీద మెల్లగా కదిలేది. కాగు ఎక్కేది. రాగిని ఒక చోట మండించి దిగేది. గోడ అవతల అలలు రాళ్ళను ఒరుసుకుని వెనక్కి జారుతుంటే గోడే ఊపిరి తీస్తున్నట్టుండేది. ఆర్చీ పీటమీద కూర్చుని ఏమీ చెయ్యకుండా చూసేవాడు. కళ్ళు మూతపడేవి, తెరుచుకునేవి. నిద్రో మెలకువో తెలిసేది కాదు. యాభై ఏళ్ళు సముద్రం మీద ఉన్నాడు గాని సముద్రాన్ని చూస్తూ కూర్చోలేదు. అక్కడ చూడ్డమంటే పని. చేపలు ఎటు, గాలి ఎటు, మబ్బు ఎటు. ఇక్కడ అలా చూడాల్సింది ఏమీ లేదు. నీళ్ళు బూడిదరంగు నుంచి పచ్చకు, పచ్చ నుంచి వెండికి మారేవి. తెల్లపక్షి ఒకటి రాతిమీద రెక్కలు ఆరబెట్టుకునేది. అంతే. ఆ అంతే అన్నది ఒంట్లోకి వెచ్చగా దిగేది.

చెమ్మ గురించి తలుచుకోవాలని చూశాడు. మధ్యాహ్నం గోడమీద చెయ్యి పెట్టాడు. కాగు వేడికి గోడ పొడిగా ఉంది. చెయ్యి తీసేశాడు.

బుధవారం హార్ దిగింది. సముద్రం మీంచి లేచే తెల్లటి మంచు. జూలైలో వస్తుంది, అడగకుండా వస్తుంది. గుంజలు పోయాయి, ఇల్లు పోయింది, గోడ పోయింది. ఎక్కడో దీపస్తంభం బూర ఆవులా మూలిగింది. ఫీమీ రొట్టె కొనడానికి వెళ్ళింది. కొట్టం గుమ్మంలో ఆర్చీ ఒక్కడే ఉన్నాడు. లోకంలో కొట్టం ఒక్కటే మిగిలినట్టుంది.

మంచులోంచి మొదట గొంతు వచ్చింది.

“ఎక్కడ నెట్టీ! నాకు నా కాళ్ళే కనపడటంలేదు!”

తర్వాత నెట్టీ వచ్చింది. చేతిలో పళ్ళెం, టీ కుండ, గుడ్డలో చుట్టిన బంగాళాదుంప రొట్టెలు. ఆమె వెనక క్యారిక్, తలమీద కుర్చీ బోర్లించుకుని. కుర్చీ దించి గుమ్మం పక్క వేశాడు, ఏటా వేసేచోట వేసినట్టు.

“ఎలా ఉంది కెప్టెన్!” అని అరిచాడు. జవాబు అక్కర్లేదు గనుక వెళ్ళి సముద్రపు గోడమీద కూర్చున్నాడు.

నెట్టీ కుర్చీలో కూర్చుంది. కప్పులో టీ పోసింది. “ఎల్స్‌పెత్‌కి రోజూ ఈ వేళకు తెచ్చేదాన్ని. నాలుగు రోజులుగా తేవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.”

“మా ఇంట్లో పొయ్యి ఉండగా దానికి మీ టీ దేనికి?”

“ఆ పొయ్యిమీద తను పెట్టని టీ కాబట్టి.”

ఆర్చీ కప్పు ముట్టుకోలేదు. “తెల్లారి లేచి ఈ చలికొట్టంలో అది...”

“తెల్లారి ఎవరు లేచారండీ? పాలబండి వెళ్ళిపోయాక లేచేది. ఫీమీ ఇంకా ఆలస్యం. తల్లీకూతుళ్ళు జుట్టు కూడా దువ్వుకోకుండా ఈ గుమ్మంలో కూర్చుని రొట్టె ముక్కలు తినేవాళ్ళు. మొదటి ఏడు నాకే సిగ్గేసింది. ఇల్లు మేం ఆక్రమించుకుని, ఆవిణ్ణి ఇక్కడ పెట్టామే అని. లోపలికి రా ఎల్స్‌పెత్, వెచ్చగా కూర్చో అన్నాను. ‘నన్ను పిలవకు నెట్టీ, ఆ గడప దాటితే నా చేతులు పనికి లేస్తాయి. నేనూ నీలాగే సముద్రానికి వచ్చాను’ అంది.”

“ఇక్కడే పుట్టింది అది. దాని తండ్రి ఈ నీళ్ళలోనే పోయాడు. సముద్రానికి రావడమేంటి?”

“నేనూ అదే అడిగాను.” నెట్టీ రొట్టె విరిచింది. “నవ్వింది. రోజంతా ఒక కుండ, ఒక పెనం. ఊడ్చేందుకు నేల కూడా నాలుగడుగులే. మధ్యాహ్నం ఆ పీటమీద కూర్చునేది. ఫీమీ ఇక్కడ పరుపు పరుచుకుని పుస్తకం చదివేది. ఒకరితో ఒకరు మాట్లాడేవాళ్ళు కూడా కాదు. నాకు అసూయగా ఉండేది తెలుసా? సెలవు మాది. అనుభవించేది వాళ్ళు.”

ఆర్చీ మొహం గట్టిపడింది. ఈ మాటల్లో తనెక్కడా లేడు. లోపలికి తిరిగి గోడవైపు వేలు చూపించాడు.

“మరి ఆ అద్దం? ఊరికే పెట్టించిందా? నా పడవ కోసం కాదూ?”

నెట్టీ అద్దం వైపు చూసింది. అతని వైపు చూసింది. కప్పు కింద పెట్టింది.

గోడమీద క్యారిక్ ఆ వేలు చూశాడు. “ఆ అద్దమా కెప్టెన్! నేనే పెట్టాను!” అంటూ లేచి వచ్చాడు. “రాయి ఊడదీసి, సున్నం కొట్టి, బిగించాను! ఊరంతా తిరిగినా అద్దంముక్క దొరికితేనా! చివరికి మీ ఆవిడే తెచ్చిచ్చింది, మీ పడవ పటంలోది! గోరంత తేడా లేకుండా సరిపోయింది! చూశావా, చుక్క నీరు కారదు!”

నెట్టీ అతని చొక్కా లాగింది. మెచ్చుకుంటోందనుకుని ఇంకా గట్టిగా నవ్వాడు.

ఆర్చీ లేచి నిలబడ్డాడు. శనివారం కోసం దాచుకున్న మాట బుధవారమే నోట్లోంచి పడిపోయింది.

“వచ్చే ఏడు ఇల్లు ఇవ్వటంలేదు. వేరేచోటు చూసుకోండి.”

“అలాగే,” అంది నెట్టీ. పళ్ళెం సర్దింది. “ఇల్లు మీది, కాదంటే మేమెవరం. ఫీమీని అడిగారా?”

“నా ఇంటికి దాన్ని అడగడమేంటి?”

“ఇల్లు మీదేనండీ. ఈ వారం ఎవరిది?”

పళ్ళెం, ఆమె, కుర్చీ, క్యారిక్ ఒకరి వెనక ఒకరు మంచులో కలిసిపోయారు. “ఏమన్నాడు నెట్టీ?” అన్న అరుపు మాత్రం కాసేపు తెల్లగా తేలింది.

ఆర్చీ లోపలికి వచ్చి పీటమీద కూర్చున్నాడు. అద్దం నిండా తెలుపు. బయట ఏమీ కనపడకపోతే లోపల కనపడుతుంది. రేవు మూతి తూర్పున ఉంది. షెట్లాండ్ ఉత్తరాన, ఊరి వెనక, కొండల వెనక. ఈ గోడ పడమటిది. ఈ అద్దానికి ఎదురుగా ఉన్నవి నల్లరాళ్ళు. అటు పడవ పోనివ్వకూడదని ఈ ఊళ్ళో మగపిల్లవాడికి నడక కంటే ముందు నేర్పుతారు. అటునుంచి ఏ పడవా రాలేదు, రాదు. కళ్ళు మూసుకున్నా దిక్కు చెప్పగల మనిషి, నాలుగు రోజులు ఈ అద్దం ముందు కూర్చుని తన పడవను అందులో ఈదించాడు.

ఆమె ఎవరి కోసమూ చూడలేదు. ఊరికే చూసింది. అందుకు తన పడవ పటంమీది అద్దం ఊడదీసుకుంది.

తిట్టుకున్నాడు. ముందు నెట్టీని, తర్వాత చెవిటి క్యారిక్‌ని, ఆ తర్వాత ఎల్స్‌పెత్‌ని. చచ్చినదాన్ని తిట్టకూడదంటారు. అనేవాళ్ళకు భార్యలు బతికుంటారు.

మంచు రాత్రికి విడిపోయింది. గురువారం ఆర్చీ నోరు తెరవలేదు. కళ్ళు మాత్రం తెరిచాడు. వెలుగు రాకముందే ఫీమీ లేచింది, అతని గడ్డానికి నీళ్ళు కాచడానికి. పాలబండి వెళ్ళేసరికి జావ అయింది, పరుపులు దులపడమైంది, చేపల పొట్టలు చీల్చడమైంది. బొటనవేలు లోపలికి పోనిచ్చి ఒక్క లాగులో పేగులు తీసి, కడిగి, ఓట్స్ పిండిలో దొర్లించి పెనంమీద వేసింది. అతను తిన్నాక తను తిన్నది, నిలబడి. ఆమె పరుపు కింద పుస్తకం ఒకటి మూల కనబడుతోంది. శనివారం నుంచి ఆ మూల అంతే ఉంది. ఇంచీ జరగలేదు.

ఉన్నది ఒకటే పీట. దానిమీద తను ఉన్నాడు.

శుక్రవారం కావాలని పెందలాడే రేవుకు పోయాడు. సాయంత్రం దాకా రానని చెప్పి మరీ పోయాడు. అక్కడ టార్విట్ భార్య గురక గురించి విన్నాడు, వాతావరణం గురించి విన్నాడు, మళ్ళీ గురక గురించి విన్నాడు. ఆగలేకపోయాడు. మధ్యలోనే లేచి పెరటిదారిన వచ్చాడు. తడి గడ్డిమీద బూట్ల చప్పుడు లేదు.

ఫీమీ పీటమీద ఉంది. వీపు ఇటు. అద్దం వెలుగు ఆమె మొహం చుట్టూ సన్నగా అంచు గీసింది. ఒళ్ళో అతని మేజోడు, అందులో సూది. చెయ్యి ఆగిపోయి ఉంది. చాలాసేపటి నుంచి ఆగిపోయినట్టుంది. ఆర్చీకి ఒక్క క్షణం అది ఫీమీ అనిపించలేదు. ఆ మెడ వంపు, ఆ జారిన భుజం. ముప్పై ఐదేళ్ళ కాపురంలో తను ఎన్నడూ చూడని ఎల్స్‌పెత్, వీపు తిప్పుకుని, హాయిగా.

మోకాలు కటుక్కుమంది.

ఫీమీ ఉలిక్కిపడి లేచింది. దొంగతనం పట్టుబడ్డట్టు నిలబడింది. మేజోడు ముందుకు చాపి చూపించింది.

“కుడుతున్నా నాన్నా. అయిపోవచ్చింది. ఆకలేస్తోందా?”

ఆర్చీ ఆ మేజోడుకేసి చూశాడు. ఏటా వేసవి చివర తను పడవ దిగి వచ్చేసరికి ఎల్స్‌పెత్ గుమ్మంలో నిలబడి ఉండేది. ఉతికిన ఏప్రన్, దువ్విన తల, పొయ్యిమీద కెటిల్. నిలబడే ఉండేది. అది సంతోషమనుకున్నాడు. సంతోషమే కావచ్చు. ఇక అడగడానికి మనిషి లేదు.

“లేదు,” అన్నాడు. “కూర్చో.”

ఆమె కూర్చోలేదు. అలా అనగానే కూర్చోవడం ఆమెకు రాదు.

శనివారం గ్లాస్గో రైలుకు ముందు క్యారిక్ వాళ్ళ పెట్టె వీధిలోకి వచ్చింది. చిన్నపిల్ల గవ్వల సంచి మోస్తోంది. క్యారిక్ వీధి మొత్తానికి వీడ్కోలు చెప్పాడు. నెట్టీ తలుపు తాళం వేసి, పెరడు దాటి, కొట్టం దగ్గరికి వచ్చింది. తాళంచెవి ఆర్చీ ముందు చాపింది. చెప్పాల్సింది చెప్పేశాడు గనుక ఇక వినాల్సిందేమీ లేదన్నట్టు దూరంగా చూస్తోంది.

ఆర్చీ చెయ్యి చాపలేదు.

“దానికివ్వండి,” అన్నాడు.

నెట్టీకి అర్థంకాలేదు. కాగు తోముతున్న ఫీమీ తల ఎత్తింది.

“ఇల్లు ఇచ్చే సంగతి ఇకనుంచి దానితో మాట్లాడుకోండి. నాకు సంబంధంలేదు.”

ఆ మాట తిట్టులాగే అన్నాడు. వేరేగా అనడం అతనికి తెలియదు. నెట్టీ ఏడ్వలేదు, చేతులు పట్టుకోలేదు, మంచి మనిషి. తాళంచెవి ఫీమీ తడిచేతిలో పెట్టింది. ఫీమీ దాన్ని చూసింది, తండ్రిని చూసింది.

“జూలైలో...” అంది. గొంతు సరిచేసుకుంది. “జూలైలో ఎప్పటి వారమే, నెట్టీ గారూ.”

వాళ్ళు వెళ్ళాక ఆమె చేతులు తుడుచుకుని కెటిల్ అందుకుంది. పరుపు చుట్టడానికి వంగింది. ఆర్చీ అడ్డంగా నిలబడ్డాడు.

“నీది ఉండనీ. నాది నేను తీసుకెళ్తా.”

“ఏంటి నాన్నా?”

“వచ్చే శనివారం దాకా ఇక్కడే ఉండు. ఆ కెటిల్ కింద పెట్టు. ఇంట్లో ఇంకోటి ఉంది.”

“మరి నీకు వంట?”

“వచ్చినవాళ్ళు వండుకోలా? నేనూ వండుకుంటా.”

ఫీమీ పెదవి ఒక పక్కకు లేచింది. “నీకు గుడ్డు పగలగొట్టడం రాదు నాన్నా.”

“పడవమీద వండలేదనుకున్నావా?”

“వండావు. మీ నావికులు రెండోరోజే నిన్ను ఆ పనిలోంచి తీసేశారని అమ్మ చెప్పింది.”

ఆర్చీ పరుపు భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. “ఇంట్లోకి వచ్చావంటే ఊరుకోను. రావాల్సొస్తే తలుపు తట్టు.”

ఇల్లు చల్లగా ఉంది. నెట్టీ శుభ్రంగా ఊడ్చి వెళ్ళింది. బల్ల ఇంకా కిటికీ కిందే ఉంది. దాన్ని ఉన్నచోటికి లాగబోయి వదిలేశాడు. గోడమీద పొగచూరిన తన పడవ తననే చూసింది. దాన్ని కూడా వదిలేశాడు. పొయ్యిలో బూడిద ఎత్తాడు, సగం నేలమీద పోశాడు. పుల్లలు పేర్చి రాజేశాడు. ఆరిపోయింది. మళ్ళీ రాజేశాడు. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, పొగకు. ఓట్స్ నీళ్ళలో పోసి కలియబెట్టాడు. ఉండలు కట్టాయి. ఉండలను చెంచాతో ఒక్కొక్కటే గిన్నె గోడకేసి నలిపాడు. జావ చివరికి బుడబుడమంది.

ఉప్పు కోసం చెయ్యి పక్కకు పోయింది. అరమీద గుండ్రటి గుర్తు మాత్రం ఉంది. జాడీ కొట్టంలో ఉంది.

గిన్నె దించి పెరట్లోకి నడిచాడు. గుంజల మధ్య తన చొక్కా ఆరుతోంది. దాని చెయ్యి మొహానికి తగిలింది. దాని పక్కన ఆగాడు.

కొట్టం తలుపు బార్లా తెరిచి ఉంది. ఫీమీ పీటమీద ఉంది. మేజోళ్ళు విప్పి పక్కన పడేసింది, రెండు కాళ్ళూ బోర్లించిన బుట్టమీద పెట్టుకుంది. జుట్టు విప్పుకుంది. ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది గాని చదవటంలేదు. చేతులు రెండు పక్కలా ఖాళీగా వేలాడుతున్నాయి. అద్దంలో సముద్రం వెండిరంగుకు తిరిగింది. ఉప్పుజాడీ ఆమె తలపైనే, అరమీద, మూతి ఇటు తెరుచుకుని ఉంది. రెండడుగులు వేసి చెయ్యి చాపితే అందుతుంది.

చాపితే ఆమె లేస్తుంది.

ఆర్చీ చొక్కా చేతిని మొహం మీంచి తొలగించాడు. మోకాలు చప్పుడు కాకుండా, గడ్డిమీద నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. కిటికీ కింద బల్ల దగ్గర కూర్చుని గిన్నె ముందుకు లాక్కున్నాడు. జావ చప్పగా ఉంది. గిన్నె అడుగు కనపడేదాకా తిన్నాడు.